తగ్గింపు, ఆరాధన: సండేస్కూలు పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున మీ అందరికీ శుభములు.

“తగ్గించుకోవడమంటే మనం తక్కువవాళ్లమని ఒప్పుకోవడమా తాతయ్యా?” అని మీలో ఒకరు అడిగారు. నిలబడి చెప్పే జవాబు దానికి చాలదు కనుక ఉత్తరం రాస్తానన్నాను. ఈ గోదావరి డెల్టాలో ఆ ప్రశ్న ఊరికే పుట్టేది కాదు. మన తాతముత్తాతలలో చాలామంది ఇంకొకరి చేలో నడుము వంచి నాట్లు వేసినవారు, ఇంకొకరి గుమ్మానికి దూరంగా నిలబడి కూలి అందుకున్నవారు. వారిని తక్కువవారన్నది మనుషులే గాని దేవుడు కాడు. అందుచేత మందిరంలో “తగ్గించుకోండి” అనే మాట విన్నప్పుడు, బయట విన్న ఆ పాత మాటే ఇక్కడ కూడా వినబడుతోందా అని మీ మనసు ఉలిక్కిపడితే అందులో ఆశ్చర్యం లేదు.

ముందుగా యోహాను సువార్త 13వ అధ్యాయం తెరవండి. యేసు భోజనపంక్తిలోనుండి లేచి, పైవస్త్రము తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకు కట్టుకొని, పళ్లెములో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగిన సంగతి మీకు తెలిసినదే. దానికి ముందున్న మూడవ వచనాన్ని మాత్రం మనం తొందరగా దాటిపోతుంటాం. తండ్రి తన చేతికి సమస్తమూ అప్పగించాడనీ, తాను దేవుని యొద్దనుండి వచ్చాడనీ, తిరిగి దేవుని యొద్దకే వెళ్లబోతున్నాడనీ ఎరిగి ఆయన లేచాడని అక్కడ రాసి ఉంది. తాను ఎవరో పూర్తిగా తెలిసి వంగినవాడు ఆయన. తనను తాను తక్కువగా అనుకొని కాదు, ఎవరో బలవంతపెట్టినందుకూ కాదు. మన ఇళ్లలో చుట్టాలు వస్తే కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లిస్తాం; ఆయన నీళ్లిచ్చి ఊరుకోలేదు, మోకరించి తన చేతులతో కడిగి తుడిచాడు. ఆయనను శత్రువులకు అప్పగించబోయే శిష్యుడు ఇస్కరియోతు యూదా అప్పటికింకా ఆ గది విడిచి వెళ్లలేదు. అతని పాదాలు కూడా ఆ తువాలుతోనే తుడవబడ్డాయి. ఈ అధ్యాయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపివేసేది ఈ సంగతే.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు ‘కాదు’ అనే. దేవుడు తన స్వరూపంలో చేసిన మనిషిని తక్కువ అనడం, అది నిన్ను నీవే అనుకున్నా సరే, తగ్గింపు అనిపించుకోదు. ఇంకొకరిని “నీవు తగ్గి ఉండు” అని ఆజ్ఞాపించే అధికారం కూడా ఎవరికీ లేదు. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయంలో ఈ విషయం ఎంత కఠినంగా రాశాడో చూడండి. బంగారు ఉంగరం పెట్టుకొని మంచి బట్టలతో వచ్చినవానికి మంచి చోటు చూపించి, మురికి బట్టలతో వచ్చిన బీదవానితో “నా పాదపీఠము దిగువను కూర్చో” అంటే, మీరు దురాలోచనతో తీర్పు తీర్చినవారయ్యారు అంటాడు. మన మందిరాలలో చాపలమీద అందరూ కలిసి కూర్చునే అలవాటును ఎప్పటికీ పోగొట్టుకోకూడదని నేను కోరుకునేది అందుకే.

ఇక రెండో మాట. గర్వం సంతలోనో, పొలం గట్టుమీదో ఉంటుందనీ, మందిరంలోకి వచ్చేటప్పుడు చెప్పులతోపాటు దానిని కూడా బయటే విడిచి వస్తామనీ మనం అనుకుంటాం. లేఖనం అలా చెప్పడం లేదు. దినవృత్తాంతముల రెండవ గ్రంథం 26వ అధ్యాయంలో ఉజ్జియా అనే రాజు చరిత్ర ఉంది. అతడు పదహారేళ్ల వయసులో రాజై యెరూషలేములో 52 సంవత్సరాలు ఏలాడు. ఎడారిలో గోపురాలు కట్టించాడు, బావులు తవ్వించాడు, వ్యవసాయమంటే ఇష్టపడ్డాడు. మన ప్రాంతపు రైతులు ఉజ్జియాను చూసి ఉంటే తప్పక మెచ్చుకొని ఉండేవారు. దేవుని ఆశ్రయించినంత కాలం అతడు వర్ధిల్లాడు. బలవంతుడైన తరువాత అతని మనసు గర్వించింది. గర్వించి అతడు ఏం చేశాడు? యుద్ధానికి వెళ్లలేదు, విగ్రహం చేయించలేదు. ధూపం వేయడానికి దేవుని మందిరంలోకి వెళ్లాడు! ధూపం వేయడం మంచి పనే, అది ఆరాధనే. అయితే ఆ పని దేవుడు యాజకులకు అప్పగించినది; రాజునైన నాకు అడ్డేమిటి అన్నది ఉజ్జియా ఆలోచన. యాజకుడైన అజర్యా, అతనితోపాటు ధైర్యవంతులైన ఎనభైమంది యాజకులు రాజుకు ఎదురు నిలిచి, “పరిశుద్ధస్థలంలోనుండి బయటికి పొమ్ము” అన్నారు. రాజు ధూపార్తి చేత పట్టుకొని వారిమీద కోపగించుచుండగా అతని నుదుట కుష్ఠు పుట్టింది.

ఆ ఎనభైమందిని మరచిపోకండి. దేవుని యెదుట తగ్గినవారు గనుకనే రాజు యెదుట వారు నోరు విప్పగలిగారు. కుష్ఠు సోకిన సిరియా సేనాధిపతి నయమాను ఇంట చెరపట్టబడి పనిచేస్తున్న చిన్నది కూడా అంతే. ఎవరూ అడగకుండానే, అతనిని బాగుచేయగల ప్రవక్త సంగతి యజమానురాలితో చెప్పింది.

యెషయా గ్రంథం ఆరవ అధ్యాయం, “రాజైన ఉజ్జియా మృతినొందిన సంవత్సరమున” అనే మాటలతో మొదలవుతుంది. ఈ రెండు అధ్యాయాలనూ మీరు ఒకే రోజు పక్కపక్కన పెట్టి చదవాలని నా మనవి. ప్రవక్తయైన యెషయా కూడా దర్శనంలో దేవాలయాన్ని చూశాడు, బలిపీఠాన్ని చూశాడు. అత్యున్నతమైన సింహాసనంమీద ప్రభువు ఆసీనుడై ఉండగా, ఆరేసి రెక్కలున్న సెరాపులు రెండు రెక్కలతో ముఖాలనూ, రెండింటితో కాళ్లనూ కప్పుకొని, రెండింటితో ఎగురుతున్నారు. పాపమెరుగని దూతలే ముఖం కప్పుకుంటున్న ఆ చోట యెషయా నోట వచ్చిన మొదటి మాట “అయ్యో”. ఉజ్జియా తన నిప్పును తానే పట్టుకొని బలిపీఠం దగ్గరకు వెళ్లాడు. యెషయా దగ్గరకైతే బలిపీఠం మీది నిప్పే వచ్చి, అతని పెదవులకు తగిలి, అతని పాపాన్ని తీసివేసింది. ఆ వెంటనే “నేనున్నాను, నన్ను పంపుము” అని అతడు ధైర్యంగా లేచాడు. దేవుణ్ణి చూసిన తరువాత మనిషి కుంగిపోయి మూల కూర్చోడని ఇక్కడే తెలుస్తోంది. తగ్గింపు అభ్యాసం చేసి సంపాదించే గుణం కాదు పిల్లలూ, దేవుడు ఎంత గొప్పవాడో చూసినవారిలో అది దానంతట అదే పుడుతుంది. అందుకే అది ఆరాధనలోనే మొదలు కావాలంటాను.

లూకా 18లో ప్రార్థన చేయడానికి దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుడు (ధర్మశాస్త్రం నిష్ఠగా పాటించేవాడు), సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) కథ మీకు కంఠతా వచ్చు గనుక ఎక్కువ రాయను. పరిసయ్యుడు వారానికి రెండుమార్లు ఉపవాసం ఉన్న మాట అబద్ధం కాదు, పదియవ వంతు ఇచ్చిన మాటా అబద్ధం కాదు. కాని అతని కళ్లు దేవునిమీద లేవు, వెనుకనున్న సుంకరిమీద ఉన్నాయి. సుంకరి దూరంగా నిలబడ్డాడు. ఎవరూ అతనిని నెట్టలేదు; తన పాపం తలచుకొని తానే అక్కడ ఆగి, కరుణించుమని దేవుని వేడుకున్నాడు. నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అని మన పెద్దలు అంటారు. మన కాలువ నీరు మెరక చేను ఎవరిదని చూడకుండా పల్లపు చేనికి చేరినట్టే, ఆ రోజు దేవుని కనికరం సుంకరిని చేరింది.

మన ప్రాంతానికి సువార్త వచ్చిన తీరులో కూడా నాకు ఈ సంగతి కనబడుతుంది. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి నరసాపురం చేరి సేవ మొదలుపెట్టిన ఇద్దరిలో విలియం బౌడెన్ రాళ్లు చెక్కే మేస్త్రి, జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవాడు. చెప్పులు కుట్టే పనిని చులకన చేసే ఈ నేలకు దేవుడు అదే పని తెలిసినవానిని పంపడం నన్ను ఎంతో ఆలోచింపజేస్తుంది.

మీ విషయానికి వస్తాను. మైకు ఎవరు పట్టుకుంటారు, కీబోర్డు ఎవరు వాయిస్తారు, క్రిస్మస్‌కు మొదటి పాట ఎవరిది అన్న మాటలమీద మీలో ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారని విన్నాను. పాట దేవునికి పాడుతున్నామా, ఎదుట కూర్చున్నవారికి పాడుతున్నామా అన్నది ఒక్కొక్కరూ తమకు తాము అడుగుకోవలసిన మాట. నేను ఎవరినీ వేలెత్తి చూపను. అయితే మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాలలో ప్రభువు చెప్పిన క్రమం ఒకటి ఉంది. బలిపీఠం దగ్గర అర్పణ తెచ్చినప్పుడు సహోదరునికి నీమీద ఏదైనా విరోధం ఉందని గుర్తుకు వస్తే, ఆ అర్పణను అక్కడే విడిచి, మొదట వెళ్లి సమాధానపడి, తరువాత వచ్చి అర్పించమన్నాడు. తప్పు ఎవరిదని ఆయన అక్కడ అడగలేదు. కనుక మీ ఇద్దరిలో ఎవరు ముందు వెళ్లాలని లెక్క చూడకుండా, ఈ శనివారం చీకటి పడకముందే ఒకరి ఇంటికి ఒకరు వెళ్లి రండి. పాటల సాధన ఆదివారం ఆరాధన ముగిశాక, మీరిద్దరూ వచ్చిన తరువాతే మొదలుపెడదాం.

ప్రభువునందు మీ
తాతయ్య