అపోహలు – వాస్తవాలు: కొల్లేరు బాతులు పగలొక చోట, రాత్రి ఇంకో చోట

అక్టోబరు వస్తే బెజవాడ, గుంటూరు నుంచి కెమెరాలు పట్టుకుని కొల్లేరు సరస్సుకీ, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల చెరువుకీ బయల్దేరేవాళ్ల నోట తరచూ వినపడే మాటలివి.

అపోహ: ఉప్పలపాడు చెట్ల మీద ఉన్నవి సైబీరియా బాతులు.

వాస్తవం: అవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. గూడబాతు పేరులోనే బాతు ఉంది, అసలది పెలికాన్. ఇవి మన దేశంలోనే గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. ఉత్తరం నుంచి వలస వచ్చే గార్గనీ, పిన్‌టెయిల్, షవెలర్ బాతులు ఇక్కడ గుడ్డు పెట్టవు. చలికాలం గడుపుకుని, వేసవి ముదిరేలోపు తిరుగుముఖం పడతాయి.

అపోహ: చెరువు ఎంత నిండితే బాతులు అంత ఎక్కువ.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఈ బాతులు మునగవు. తల నీళ్లలో, తోక ఆకాశంలో పెట్టి, మెడ అందినంత మేర అడుగు బురదలో గింజలు, పురుగులు ఏరుకుంటాయి. చిన్న బాతుకి బెత్తెడు నీళ్లు చాలు. మెడ పొడుగున్న పిన్‌టెయిల్‌కి జానెడు, ఇంకాస్త. షవెలర్ అయితే గరిటె లాంటి ముక్కుని నీటిమట్టానికి ఆనించి ఈదుతూ పోతుంది. ముక్కు అంచున దువ్వెన పళ్లలా ఉండే వరసలు నీటిని వదిలేసి చిన్న చిన్న నీటిజీవుల్ని పట్టుకుంటాయి. ఆరడుగుల నీళ్లు, నిట్టనిలువు గట్లు ఉన్న చేపల చెరువులో వీటికి తిండి అందదు. అక్కడ కనపడితే విశ్రాంతికి దిగినట్టే.

బుడమేరు, తమ్మిలేరు వాగులు పొంగి కొల్లేరు ఎక్కువ నీటితో ఉన్న అక్టోబరులో బాతులు పలచబడి చుట్టుపక్కల పల్లాలకు చెదిరిపోతాయి. ఉప్పుటేరు గుండా నీరు తీసేకొద్దీ అంచులు బయటపడి, డిసెంబరు, జనవరిలో మళ్లీ గుమిగూడతాయి. అక్టోబరు లెక్క చూసి ‘ఈ ఏడు పక్షులు రాలేదు’ అనేయడం తొందరపాటు.

అపోహ: పగలు బాతులున్న చోటే వాటి మేత.

వాస్తవం: పగలు తెరిపి నీటి మధ్య తల వెనక్కి పెట్టి నిద్రపోతుంటాయి. మేత ఎక్కువగా రాత్రి, తరచూ వేరే చోట. నవంబరు చివర ఇక్కడ సాయంత్రం 5:30కి పొద్దు గూకుతుంది. ఆ తర్వాత అరగంట, ముప్పావుగంటలోపు గుంపులు గుంపులుగా లేచి పొలాల వైపు పోతాయి. గట్టు మీద పడమటి వెలుగుకి ఎదురుగా కూర్చుంటే ఆకారాలు తెలుస్తాయి. లెక్కపెట్టేవాళ్లు సాయంత్రం చెరువు మీద ఒకసారి, తెల్లవారుజామున పొలంలో ఒకసారి రాసుకుని రెండూ కలిపేస్తారు. ఒకే బాతు రెండుసార్లు పడుతుంది. పగటి విడిది లెక్క ఒక్కటే తీసుకోండి.

అపోహ: అక్టోబరులో వచ్చేవన్నీ ఆడబాతులే.

వాస్తవం: సంతాన కాలం అయ్యాక మగవి రంగు ఈకలు రాల్చుకుని ఆడవాటిలా గోధుమరంగులోకి దిగుతాయి. రంగు చూడకండి, రెక్క చూడండి. గార్గనీ మగది లేచినప్పుడు రెక్క ముందుభాగం లేత నీలిబూడిద రంగులో మెరుస్తుంది, ఈకల రంగు ఎలా ఉన్నా సరే.

అపోహ: బాతులు పడితే వరి పోయినట్టే.

వాస్తవం: కోత అయిన మాగాణిలో అవి తినేది రాలిన గింజ, ఊద, తుంగ విత్తనాలు. నష్టం నిజంగా ఉండేది వెద పద్ధతిలో మొలక కట్టిన వడ్లు చల్లిన మొదటి వారం, పది రోజులు. అదీ మడిలో నీళ్లు నిలిచి ఉంటేనే ఎక్కువ. ఆ నష్టం చాలావరకు, వలస రాకుండా ఇక్కడే ఉండే ఎర్ర చిలువ అనే బాతుల పని. చల్లిన రాత్రి నుంచి మడిని బురద పదునుకి ఆరబెట్టి, మొలక నిలిచాక నీరు పెడితే చాలా వరకు తగ్గుతుంది. గుళికల మందు కలిపిన వడ్లు మాత్రం వేయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. పైగా అలా చచ్చిన బాతు బజారులో కూరకి అమ్ముడుపోతే, ఆ విషం తినేది మనుషులే.