రెజిన్ బ్లాంకులు: నింద బుడగది, తప్పు కాటాది

లేత్ (తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పెన్నుగా చెక్కడానికి అచ్చులో పోసి తయారుచేసుకునే రెజిన్ కడ్డీల్ని బ్లాంకులంటారు. రెజిన్ అంటే హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం; పాలిస్టర్, ఎపాక్సీ, యురేథేన్ అందులో రకాలు. ఈ బ్లాంకులు సొంతంగా పోసుకునేవాళ్లు ఏది పాడైనా ముందు బుడగల్నే తిడతారు. మొదట్లో నేనూ అంతే. తర్వాత చెత్తడబ్బాలో పడేసిన బ్లాంకులన్నీ ఒకసారి బయటకు తీసి చూసుకున్నాను. బుడగల వల్ల పోయినవి కొన్నే. మెత్తగా మిగిలినవి, జిగురు వదలనివి, లోపల చారలు కట్టినవే ఎక్కువ. అవన్నీ పోయకముందే, కలిపేటప్పుడే పాడయ్యాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: హార్డెనర్ కాస్త ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుంది.

ఇది పాలిస్టర్ రెజిన్ నుంచి వచ్చిన అలవాటు. అందులో 1 నుంచి 2 శాతం వేసే ద్రవం రసాయన చర్యను మొదలుపెట్టడానికే. హద్దు దాటనంతవరకు దాన్ని పెంచితే నిజంగానే త్వరగా గడ్డకడుతుంది. ఎపాక్సీ అలా కాదు. అక్కడ హార్డెనర్ రెజిన్‌తో జతకట్టి తానూ ఆ పదార్థంలో భాగమవుతుంది. ఎక్కువైతే జత దొరకనిది అలాగే మిగిలిపోయి బ్లాంకు మెత్తబడుతుంది. తక్కువైనా అదే గతి.

ఇంకో చిక్కుంది. డబ్బా మీద 2:1 అని ఉంటే అది కొలతా (ఘనపరిమాణం), తూకమా చూసుకోవాలి. సాధారణంగా అంతే కొలతకి రెజిన్ బరువెక్కువ, హార్డెనర్ తేలిక. కొలతలో 2:1 ఉన్నది తూకంలో 100:50 కాకుండా 100:43 దగ్గర ఉండొచ్చు. ముప్పావు అంగుళం మందం, 5 అంగుళాల పొడవున్న బ్లాంకుకి సుమారు 50 గ్రాములు పడుతుంది. అందులో హార్డెనర్ 15 గ్రాములే. వంటింటి కాటా 2 గ్రాములు అటూ ఇటూ చూపించిందంటే 13 శాతం తేడా వచ్చినట్టే. 0.1 గ్రాము చూపించే కాటా కొనండి, రంగుల పొడులు తర్వాత కొనుక్కోవచ్చు. ఒక కప్పులో కలిపాక రెండో కప్పులోకి వంచి మళ్లీ కలపండి. మొదటి కప్పు అంచుల్లో, అడుగున కలవకుండా మిగిలిందే తర్వాత జిగురు చారగా బయటపడుతుంది.

అపోహ: వాక్యూమ్ పెడితే బుడగలన్నీ పోతాయి.

వాక్యూమ్ అంటే పంపుతో గాలి లాగేయడం, అది బుడగను ఉబ్బించి పైకి తెస్తుంది. కంప్రెసర్‌తో గాలి నింపి ఒత్తిడి పెంచే పాత్ర ప్రెషర్ పాట్, అది బుడగను నొక్కి చిన్నది చేస్తుంది. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీకి పోయకముందు వాక్యూమ్ పనికొస్తుంది. నురుగు మూడు నాలుగింతలు పొంగుతుంది కాబట్టి పెద్ద కప్పు వాడాలి. పది నిమిషాల్లో బిగుసుకునే యురేథేన్‌కి అంత తీరిక ఉండదు, దానికి ప్రెషరే దిక్కు.

ప్రెషర్‌తోనూ మాయ జరగదు. 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 60 పౌండ్ల ఒత్తిడి) పెడితే బుడగ ఘనపరిమాణం దాదాపు ఐదో వంతుకి తగ్గుతుంది, వ్యాసం మాత్రం సగం కన్నా కొంచెం ఎక్కువే మిగులుతుంది. సన్నవి కంటికి కనిపించకుండా పోతాయి, శనగగింజంత బుడగ మాత్రం చిన్నదై అక్కడే ఉంటుంది. రెజిన్ గట్టిపడకముందే గాలి వదిలేస్తే అన్నీ మళ్లీ ఉబ్బుతాయి. సిలికాన్ అచ్చును కూడా ప్రెషర్‌లోనే పోసి ఉండాలి. లేకపోతే అచ్చులోని బుడగలు నొక్కుకుపోయి బ్లాంకు మీద బొడిపెలు లేస్తాయి.

అపోహ: ప్రెషర్ పాట్ ఎందుకు, పాత కుక్కర్ ఉందిగా!

వద్దండీ. ఇంట్లో కుక్కర్ 15 పీఎస్ఐ దగ్గర విజిల్ వేస్తుంది, మనకు కావాల్సింది 40 నుంచి 60. విజిల్‌కి అడ్డంపెట్టి గాలి కొట్టడమంటే బాంబు పక్కన కూర్చోవడమే.

అపోహ: బుడగ కనిపిస్తే అది గాలే.

వానాకాలంలో కాదు. యురేథేన్‌కి తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి నురగ కడుతుంది. కోస్తాలో ఉండేవాళ్లకు ఇది బాగా అనుభవం. చెక్కముక్క మీద పోసేటట్టయితే దాన్ని 105 డిగ్రీల దగ్గర, ఇక బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి. కంప్రెసర్ గొట్టానికి నీటిని పట్టే ఫిల్టర్ పెట్టండి. ఎండాకాలంలో గొడవ వేరు: కలిపినదాన్ని కప్పులోనే ఉంచి ఫోన్ మాట్లాడితే అది వేడెక్కి పొగలు కక్కుతుంది. అచ్చులోకి పోస్తే వేడి పంచుకుపోయి నిదానిస్తుంది.

అపోహ: వాసన లేకపోతే ప్రమాదం లేదు.

పాలిస్టర్‌లోని స్టైరీన్ ఇల్లంతా కంపు కొడుతుంది కాబట్టి జాగ్రత్త పడతాం. ఎపాక్సీకి వాసన తక్కువ, కానీ చర్మానికి మళ్లీ మళ్లీ అంటితే అలర్జీ పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుందంటే తర్వాత చుక్క తగిలినా దద్దుర్లే. యురేథేన్‌లోని ఐసోసైనేట్లు ఆస్తమా తెప్పించగలవు. నైట్రైల్ గ్లౌజులు, గాలి ఆడే చోటు, ఆవిరికి తగిన మాస్కు తప్పనిసరి. చేతికి అంటితే సబ్బు, నీళ్లు వాడండి. అసిటోన్‌తో మాత్రం కడగొద్దు.

అపోహ: గట్టిగా తగిలితే లేత్ మీదికి ఎక్కించొచ్చు.

చాలా ఎపాక్సీలకు పూర్తి బలం రావడానికి వారం పడుతుంది. తొందరపడి డ్రిల్ చేస్తే ఆ వేడికే మెత్తబడి బిట్‌ని పట్టేస్తుంది. పొట్టు జిగురుగా టూల్‌కి చుట్టుకున్నా, సాండ్‌పేపర్ పూడుకుపోయినా ఆపేసి ఇంకో వారం పక్కన పెట్టండి. డ్రిల్‌ని నెమ్మదిగా నడిపి, మధ్యమధ్య బయటకు తీస్తూ ఉండాలి.

అపోహ: రెజిన్ ప్లాస్టిక్కేగా, ఎబొనైట్ ముందు నిలవదు.

పెన్ను చేతికివ్వగానే పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఇది. రాజమండ్రిలో ఎబొనైట్‌తో చేసే రత్నం పెన్నులు వాడిన చేతులు కదా! ఎబొనైట్ అంటే రబ్బరుకి గంధకం ఎక్కువ కలిపి వేడిచేసి గట్టిపరిచింది. చేతిలో వెచ్చగా ఉండే ఆ గుణం రెజిన్‌కి రాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎబొనైట్ ఎండకు వెలిసి గోధుమరంగుకి తిరుగుతుంది. చవక ఎపాక్సీ కూడా ఎండలో పసుపెక్కుతుందనుకోండి. పాలిస్టర్ పెళుసు, మర దగ్గర పెచ్చులూడుతుంది. మూతకు మర కోసే పెన్ను అయితే నేను యురేథేనే వాడతాను.

అపోహ: సొంతంగా పోసుకుంటే చవక.

పాట్, కంప్రెసర్, కాటా, అచ్చులు, పాడైన రెజిన్ అన్నీ కలిపి లెక్కేస్తే మొదటి కొన్ని డజన్ల బ్లాంకులు కొన్నవాటికంటే ఖరీదే అవుతాయి. నెలకి రెండు పెన్నులు చేసేవాళ్లు హాయిగా కొనుక్కోవచ్చు. నాకు నచ్చిన ఆకుపచ్చ ఎక్కడా దొరకలేదు, అందుకే పోస్తున్నాను.