జాతులు ఎక్కువుంటేనే కొట్లాటలైతయా?

మణిపూర్ వార్త వచ్చినప్పుడల్లా మా నల్లగొండ గడియారం సెంటర్ల చాయ్ కాడ ఒకటే మాట, అన్ని జాతులు ఒక్కతాన ఉంటే తన్నుకోక ఏంజేస్తరు అని. ఇనేటందుకు నిజమే అనిపిస్తది. కానీ టాంజానియాల 120కి పైనే తెగలున్నయ్, దేశం ఏర్పడ్డప్పటి సంది సివిల్ వార్ కాలే. కెన్యా దాటితే సోమాలియా, దాదాపు అందరిదీ ఒకటే భాష, ఒకటే మతం, 1991ల సర్కారు కూలినంక వంశాల పేరు మీద చంపుకున్నరు. మణిపూర్ల సుత 2023 మే 3న అంటుకున్నది మైతేయిలు అడిగిన ఎస్టీ హోదా కాడ, దాని ఎనుక కొండల భూమి ఉంది.

శ్రీలంక చూడుర్రి. 1956ల సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం తెచ్చిన్రు, తమిళోళ్లకు సర్కారు నౌకరీలు దూరమైనయ్, 1970ల మొదట్ల యూనివర్సిటీ సీటుకు తమిళ పిల్లగాడు ఎక్కువ మార్కులు తేవాలె అని పెట్టిన్రు, 1981ల జాఫ్నా లైబ్రరీ కాలబెట్టిన్రు, 1983 జులైల కొలంబోల తమిళుల ఇండ్లు దుకాణాలు బుగ్గిజేసిన్రు, ఇగ 2009 దాక యుద్ధమే. నౌకరీ, సీటు అంటే మన 1952, 1969 ముల్కీ (లోకలోళ్లకే నౌకరీలు) లొల్లి యాదికొస్తది కదా. మనకాడ కాల్పులైనయ్, పోరగాండ్లు చచ్చిపోయిన్రు, అయినా ఆఖరికి 2014ల పార్లమెంటుల తెలంగాణ బిల్లుతోని తేలింది.

ఇగ నిజాం కాలం నాటి తెలంగాణ సాయుధ పోరాటం. దాన్ని హిందూ ముస్లిం లొల్లి లెక్క చెప్పేటోళ్లను చూస్తే నాకు చిరాకు. 1946 జులై 4న కడవెండిల (అప్పుడది నల్లగొండ జిల్లానే) దొడ్డి కొమురయ్యను కాల్చింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు, ఆ దొర హిందువే, అండ నిజాముది. అంతకుముందు భూమి కోసం కోర్టుకెక్కిన షేక్ బందగీని చంపింది సుత ఆ దొర గూండాలే. 1948 ఆగస్టుల రజాకార్లు చంపిన జర్నలిస్టు షోయబుల్లాఖాన్ ముస్లిమే, ఇండియాల కలవాలె అని రాసినందుకు.

1948 సెప్టెంబర్ల ఇండియా సైన్యం హైదరాబాద్ సంస్థానంలకు వచ్చిన పోలీస్ యాక్షన్ అప్పుడు, దాని తర్వాత తక్కువల తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయి ఉంటరని ఇండియా సర్కారు పంపిన సుందర్‌లాల్ కమిటీ లెక్కేసింది, శానమంది ముస్లింలు. బాగ దెబ్బతిన్నయని ఆ రిపోర్టుల రాసింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఆ నాలుగిట్ల నల్లగొండ లేదు. ఇక్కడ అప్పటికే జనం మతం పేరు మీద కాదు, భూమి మీద, దొర మీద సంఘం కట్టి ఉన్నరు. అదొక్కటే కారణం అని నేననను గానీ, చాయ్ కాడ ఎవరూ ఈ ముచ్చట తియ్యరు.