రోడ్డు పడకముందే అడగండి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. చిన్న పట్టణాల్లో పెరుగుతున్న మీలాంటి వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మా వీధిలో కొత్త సీసీ రోడ్డు వేశారు కదా, అయినా వానొస్తే ఇంట్లోకి నీళ్లెందుకు వస్తున్నాయి?" చాలాసార్లు ఆ కొత్త రోడ్డు వల్లే వస్తున్నాయి. పాత రోడ్డును తవ్వి తీసేయకుండా దాని మీదే ఇంకో పొర కాంక్రీటు పోస్తారు. పోసిన ప్రతిసారీ వీధి కొంత ఎత్తు పెరుగుతుంది. రెండు మూడు సార్లు అలా జరిగేసరికి, ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన గుమ్మంలోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లాల్సి వస్తుంది. రోడ్డు మీద పడిన నీళ్లకు పల్లం మీ ఇల్లే అయింది. ఇక అవి ఎక్కడికి పోతాయి?

ఇది మేస్త్రీ చేసిన తప్పని చాలామంది అనుకుంటారు. మేస్త్రీ తన చేతికిచ్చిన కాగితం ప్రకారమే పోశాడు. తప్పంటూ ఉంటే అది అంతకు కొన్ని నెలల ముందే, ఇంజనీరింగ్ విభాగం తయారుచేసిన అంచనాలో జరిగింది. ఆ అంచనాలో "పాత రోడ్డు తొలగించుట" అనే ఒక్క వరుస రాయలేదు. రాస్తే ఖర్చు పెరుగుతుంది. ఉన్న డబ్బుతో మూడు వీధులకు వేద్దామనుకున్న రోడ్డు రెండు వీధులకే సరిపోతుంది. మూడో వీధి కౌన్సిలర్ ఊరుకోరు. అందుకని ఆ వరుస ఎగిరిపోతుంది. అంచనా కౌన్సిల్ ఎజెండాలోకి ఎక్కుతుంది, తీర్మానం అవుతుంది, టెండర్ పిలుస్తారు, పని మొదలవుతుంది. మీ కంటికి కనిపించేది చివరి అడుగు మాత్రమే. మిక్సర్ లారీ వచ్చి వీధి మొదట్లో ఆగిన రోజున మీరు ఎంత అరిచినా ఎవరూ ఏమీ చేయలేరు. టెండర్‌లో లేని పనికి బిల్లు రాదు కాబట్టి కాంట్రాక్టర్ చేయడు. జరిగిన పనిని కొలిచి రాసే ఎం-బుక్‌లో, అంచనాలో లేని పనిని ఇంజనీరు రాయలేరు.

నా ఉద్యోగమంతా మున్సిపాలిటీల్లో, టౌన్ ప్లానింగ్ విభాగంలోనే గడిచింది. అన్నేళ్లలో నేను ఎక్కువగా చూసిన దృశ్యం ఇదే: జనం రావడం, కానీ ఆలస్యంగా రావడం. వాళ్ల కోపం న్యాయమైనదే. రావాల్సిన రోజు మాత్రం దాటిపోయి ఉంటుంది. అందుకే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. పట్టణంలో నిర్ణయాలు ఎక్కడ, ఎప్పుడు జరుగుతాయో మీకు చిన్నప్పుడే తెలిస్తే రావాల్సిన రోజుకే వస్తారు.

ముందు ఎవరు నిర్ణయిస్తారో చూద్దాం. మన దేశంలో పట్టణ పాలనకు పాత చరిత్రే ఉంది. మన భీమునిపట్నం 1861లోనే మున్సిపాలిటీ అయింది. 1882లో అప్పటి వైస్రాయ్ లార్డ్ రిపన్ స్థానిక పాలన గురించి తీర్మానం చేసిన తర్వాత ఎన్నికైన సభ్యులు పెరిగారు. కానీ స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం మున్సిపల్ ఎన్నికలు పెట్టడం, పెట్టకపోవడం రాష్ట్ర ప్రభుత్వాల ఇష్టంగానే నడిచింది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ దాన్ని మార్చింది. కౌన్సిల్‌కు ఐదేళ్ల కాలం, గడువు ముగిసేలోపు ఎన్నికలు, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా సీట్లు, పన్నెండో షెడ్యూల్‌లో 18 రకాల పనులు. ఆ జాబితాలో పట్టణ ప్రణాళిక, నీళ్లు, పారిశుద్ధ్యం, పార్కులు, వీధి దీపాలు, శ్మశానాలు, జనన మరణాల నమోదు అన్నీ ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లో మహిళలకు సగం సీట్లు కేటాయించారు.

అయితే రాజ్యాంగం ఈ పనులను నేరుగా మున్సిపాలిటీ చేతిలో పెట్టలేదు. రాష్ట్ర శాసనసభ చట్టం చేసి అప్పగించవచ్చు అని మాత్రమే చెప్పింది. ఆ ఒక్క మాట వల్ల ఊరికో తీరుగా, పనికో తీరుగా అధికారం చీలిపోయింది. కౌన్సిలర్లను మీ పెద్దవాళ్లు ఎన్నుకుంటారు. కౌన్సిలర్లు తమలో ఒకరిని ఛైర్‌పర్సన్‌గా ఎన్నుకుంటారు. కమిషనర్‌ను మాత్రం రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. కాగితాల మీద సంతకం కమిషనర్‌ది, తీర్మానం కౌన్సిల్‌ది, పెద్ద పథకాలకు డబ్బు పై ప్రభుత్వాలది. మీ వీధిలో ఒక పని ఆగిపోతే ఈ ముగ్గురిలో ఎవరి దగ్గర ఆగిందో కనుక్కోవడమే సగం పని. ఎన్నికలు ఆలస్యమైనప్పుడు కౌన్సిల్ ఉండదు, ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి ఒక్కరే ఉంటారు. అప్పుడు అడిగేవాళ్లే కరువవుతారు. ఐదేళ్లు నిండేలోపు ఎన్నికలు జరిపి తీరాలని సుప్రీంకోర్టు 2006లో గట్టిగా చెప్పినా ఈ జాప్యం పోలేదు. నాకు దీని మీద ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆస్తి పన్ను, నీటి పన్ను, ఇళ్ల అనుమతుల ఫీజులు మున్సిపాలిటీ సొంత రాబడి. మిగతాది గ్రాంట్లు. గ్రాంటుకు షరతులుంటాయి. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి, పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే వాడాలంది. కాబట్టి "చెత్త బండి కొన్నారు గానీ మాకు ఆటస్థలం ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే, ఆ డబ్బుతో ఆటస్థలం కొనే వీలు లేకపోవచ్చు. సొంత రాబడి బలంగా ఉన్న పట్టణమే తనకు నచ్చిన పని చేసుకోగలదు. ఆస్తి పన్ను ఎగ్గొట్టడం తెలివి అనుకునే పెద్దలు మీ ఇంట్లో ఉంటే ఈ పేరా వాళ్లకు చదివి వినిపించండి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం, మాస్టర్ ప్లాన్. పెరిగే పట్టణంలో రోడ్డు కంటే, కాలువ కంటే పెద్ద నిర్ణయం ఇది. వచ్చే రెండు దశాబ్దాల్లో ఏ పొలం ఇళ్లు అవుతుంది, ఏది పరిశ్రమల జోన్, ఏది గ్రీన్ జోన్, వంద అడుగుల రోడ్డు ఎవరి సర్వే నంబరు మీదుగా పోతుంది అన్నవన్నీ రంగులేసిన ఒక మ్యాపులో ఉంటాయి. ముందుగా ముసాయిదా ప్రకటిస్తారు, అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ నోటీసు పత్రికలో ఒక మూలన చిన్న అక్షరాల్లో వస్తుంది. చాలామంది చూడరు. చూసినా ఆ రంగుల అర్థం తెలియదు.

కామారెడ్డిలో ఏం జరిగిందో మీరు తెలుసుకోవాలి. అక్కడి మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో చుట్టుపక్కల గ్రామాల పంట పొలాలు పరిశ్రమల జోన్‌లో పడ్డాయి. ఆ సంగతి తెలిసిన రైతులు 2023 జనవరి మొదట్లో రోడ్డెక్కారు. కలెక్టరేట్ ముందు ధర్నా చేశారు, బంద్ చేశారు, హైకోర్టుకూ వెళ్లారు. జగిత్యాలలో కూడా అవే రోజుల్లో అలాంటి ఆందోళనే నడిచింది. ఆ నెల తిరగకముందే రెండు కౌన్సిళ్లూ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించాయి.

దీన్ని అందరూ రైతుల గెలుపుగా చెప్తారు. గెలుపే, కాదనను. కానీ నేను ఇంకో మాట కూడా అంటాను. ముసాయిదా దశలో ఉంది కాబట్టే అది ఆగింది. ప్రభుత్వం తుది ఆమోదం తెలిపాక అదే మ్యాపులో ఒక గీత మార్చాలన్నా పద్ధతి ప్రకారం మళ్లీ ఫైలు కదలాలి, మళ్లీ నోటీసు ఇవ్వాలి, ఏళ్లు పడుతుంది. ఇంకో సంగతి. ప్లాన్ రద్దయినంత మాత్రాన పట్టణం పెరగడం ఆగదు. ప్లాన్ లేకుండా పెరిగితే ఎవరికి తోచినట్టు వాళ్లు ప్లాట్లు వేస్తారు, ఇరుకు సందులు పుడతాయి, ఫైరింజన్ లోపలికి రాదు. కాబట్టి "వద్దు" అనడంతో మన పని సగమే అవుతుంది. పరిశ్రమల జోన్ ఇక్కడ కాకపోతే ఎక్కడ, రోడ్డు ఈ పొలం మీదుగా కాకపోతే ఎటు నుంచి అని కూడా రాసిచ్చే పౌరులు కావాలి. అలా రాసినవాళ్లు నా సర్వీసులో చాలా తక్కువ. రాసినవాళ్ల కాగితాన్ని మాత్రం మేం పక్కన పెట్టలేకపోయేవాళ్లం. దానిలో సర్వే నంబరు ఉంటుంది, కారణం ఉంటుంది, మారుమార్గం ఉంటుంది. దానికి జవాబు రాయక తప్పదు.

చెరువుల సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం పూర్తి చేయలేను. మన పట్టణాలు చాలావరకు గొలుసుకట్టు చెరువుల మధ్య పుట్టినవే. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి. ఆ రెంటినీ కలిపే వాగు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి, ముళ్లకంపతో, ఎవరికీ పట్టని బంజరులా కనిపిస్తుంది. లేఅవుట్ వేసేవాళ్ల కన్ను ముందు దాని మీదే పడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకూ, పది మీటర్లకు మించి వెడల్పున్న వాగులకూ 9 మీటర్లు వదలాలన్నాయి. కానీ చెరువు హద్దు ఎక్కడన్నదే అసలు తగాదా. ఎఫ్‌టీఎల్ రాళ్లు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే హద్దు రాళ్లు, పాతని చెరువుకు 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు? అందుకే మీ చెరువుకు హద్దు రాళ్లు ఉన్నాయో లేదో ఒక ఆదివారం పెద్దవాళ్లతో కలిసి వెళ్లి చూడండి. లేకపోతే అదే మీరు రాయాల్సిన మొదటి అర్జీ.

నీళ్ల విషయంలో ముందుచూపు ఎంతకాలం కాపాడుతుందో హైదరాబాద్ చెప్తుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమంది ప్రాణాలు తీసింది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ నది తీరును పరిశీలించి, ఊరికి ఎగువన జలాశయాలు కట్టాలని, ఊళ్లో మురుగునీటి వ్యవస్థ వేయాలని సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వందేళ్ల తర్వాత కూడా మూసీకి పెద్ద నీరు వచ్చిన ప్రతిసారీ ఆ రెండు జలాశయాల గేట్ల వైపే అందరూ చూస్తారు.

పట్టణం పెరిగితే పక్క ఊళ్లు దానిలో కలుస్తాయి. మీలో కొందరి గ్రామాలు ఇప్పటికే కలిసి ఉంటాయి. కలిస్తే పైపులైను, వీధి దీపాలు, చెత్త బండి వస్తాయన్న ఆశ ఉంటుంది, భూమి ధర పెరుగుతుంది. దాంతోపాటే పన్ను పెరుగుతుంది, గ్రామాలకే పరిమితమైన ఉపాధి హామీ పని పోతుంది, గ్రామసభ పోతుంది. నాకు ఈ చివరిదే పెద్ద నష్టం అనిపిస్తుంది. గ్రామసభలో ఎవరైనా లేచి సర్పంచిని నిలదీయవచ్చు. మున్సిపాలిటీలో అలాంటి చోటు సులభంగా దొరకదు. వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం చెప్పింది గానీ, మూడు లక్షలు లేదా అంతకంటే ఎక్కువ జనాభా ఉన్నచోటే తప్పనిసరి చేసింది. చిన్న పట్టణాలకు ఆ రక్షణ లేదు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు పెట్టమన్నారు. మీ వార్డులో యువత కమిటీ ఉందా? ఉంటే అందులో ఎవరున్నారు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు? ఇది మీ కౌన్సిలర్‌ను అడగదగ్గ మంచి ప్రశ్న.

మీకు ఓటు లేదు కదా అని అనుకోకండి. పద్దెనిమిదికి ఓటు వస్తుంది, ఇరవై ఒకటికి కౌన్సిలర్‌గా పోటీ చేయొచ్చు. ఈలోగా చేయగలిగింది చాలా ఉంది. కౌన్సిల్ సమావేశం నెలకోసారి జరగాలి. దాని ఎజెండాలో మీ వార్డు పని ఏముందో కౌన్సిలర్‌ను అడిగి రాసుకోండి. రోడ్డు పని ఉంటే అంచనాలో పాత రోడ్డు తొలగింపు ఉందా, కాలువ వాలు ఎటు అని అడగమనండి. జవాబు రాకపోతే ఇంట్లో పెద్దవాళ్లతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి, 30 రోజుల్లో బదులివ్వాలి. లేఅవుట్ వేసేవాళ్లు కనీసం పది శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి మున్సిపాలిటీకి అప్పగించాలి. మీ కాలనీ ప్లాన్ కాపీ సంపాదించి, పార్కు అని రాసి ఉన్న చోట ఇప్పుడు పార్కే ఉందో, ఇల్లు ఉందో చూసి రండి. బడ్జెట్ మార్చి నెలాఖరులోపు ఆమోదం పొందాలి కాబట్టి, మీకు కావలసింది జనవరిలోనే రాసివ్వండి. ఏప్రిల్‌లో ఇచ్చిన అర్జీ ఇంకో ఏడాది ఆగుతుంది.

మాటల్లో మర్యాద తప్పకండి. మున్సిపల్ ఆఫీసులో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది తక్కువ సిబ్బందితో, ఎక్కువ టెన్షన్‌తో పనిచేసేవాళ్లే. మంచి అర్జీ వస్తే లోపల సంతోషించే జూనియర్ ఇంజనీర్లను నేను చాలామందిని ఎరుగుదును. పై నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు, "ప్రజల నుంచి రాతపూర్వకంగా అభ్యంతరం ఉందండీ" అని చూపించడానికి వాళ్లకూ ఒక కాగితం కావాలి.

మీ పట్టణానికి మాస్టర్ ప్లాన్ ముసాయిదా ఎప్పుడు వచ్చినా, గడువు తేదీని ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని మ్యాపు నాకు పంపండి. మీ వీధి, మీ చెరువు ఏ రంగులో పడ్డాయో కలిసి చూద్దాం. అభ్యంతరం మీరే రాయండి, సర్వే నంబర్లు నేను సరిచూస్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య