పోలీసు, ఆర్మీ జాగిలాల గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: డ్రగ్స్ పట్టే కుక్కకి ముందు వాటినే అలవాటు చేస్తారు.
అస్సలు కాదు, అలా చేస్తే కుక్క బతకదు. దానికి కావాల్సింది బంతి. డ్రగ్స్ వాసన పసిగడితే హ్యాండ్లర్ (దాన్ని చూసుకుంటూ పని చేయించే మనిషి) బంతి తీసి ఆడిస్తాడు, అంతే.

అపోహ: ట్రైనింగ్ అయిన కుక్క ఏదైనా కనిపెట్టేస్తుంది.
ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, ఒక్కో పనికి ఒక్కో రకం శిక్షణ. బాంబులు వెతికే కుక్క వాసన తగలగానే చప్పుడు లేకుండా కూర్చోవాలి, కాలితో గోకిందంటే అందరి ప్రాణాలకీ ముప్పే. శిథిలాల్లో బతికున్నవాళ్లని వెతికేదైతే గట్టిగా మొరగాలి. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపానికి మన ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వెళ్లినప్పుడు జూలీ అనే లాబ్రడార్ నూర్దగీలో ఒకచోట మొరిగింది. ఖాయం చేసుకోవడానికి రోమియో అనే ఇంకో కుక్కని పంపితే అదీ అక్కడే మొరిగింది, ఆరేళ్ల పాప ప్రాణాలతో బయటపడింది. చనిపోయినవాళ్లని వెతకడం మళ్లీ వేరే శిక్షణ. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోతే, కేరళ పోలీసు కుక్కలు మాయ, మర్ఫీలని రప్పించింది అందుకే. బురద, ఊట నీళ్లు, విరిగిన ఇనుము మధ్య అవి చూపించిన చోట తవ్వితే మార్చి 9న మొదటి మృతదేహం దొరికింది. ఆ కుటుంబానికి అదెంత పెద్ద విషయమో మా పనిలో ఉన్నవాళ్లకి తెలుసు.

అపోహ: కుక్క రోజంతా వెతకగలదు.
నాలుక బయటపెట్టి రొప్పుతోందంటే ముక్కు సరిగ్గా పనిచేయట్లేదని అర్థం. మన మే నెల ఎండలో అరగంట కూడా కాకముందే ఆపి, నీళ్లు పట్టి నీడలో పడుకోబెట్టాలి. అది చూసి "బద్ధకం" అనేవాళ్లుంటారు, వింటే మనసు చివుక్కుమంటుంది. చుట్టూ గుంపుగా చేరకండి, బిస్కెట్లు వేయకండి, దాని పని దాన్ని చేయనివ్వండి.

అపోహ: ఎదురుకాల్పుల్లో కుక్కని ముందుకు తోసి మనుషులు వెనక దాక్కుంటారు.
2015లో కశ్మీర్‌లోని కుప్వారాలో ఆర్మీ కుక్క మాన్సీ, దాని హ్యాండ్లర్ బషీర్ అహ్మద్ వార్ ఒకే ఎదురుకాల్పుల్లో ప్రాణాలొదిలారు. ఇంతకంటే చెప్పేదేముంది?

అపోహ: రిటైరైతే చంపేస్తారు.
ఒకప్పుడు ఆర్మీలో ఆ పద్ధతి ఉండేది, నిజమే. 2015లో దానికి స్వస్తి చెప్పారు, ఇప్పుడు దత్తతకి ఇస్తున్నారు. అయితే వచ్చేది ముసలి కుక్క, కీళ్లనొప్పులుంటాయి, మందుల ఖర్చుంటుంది, రోజూ దానితో గడిపే మనిషి ఇంట్లో ఉండాలి. అవన్నీ కుదురుతాయనుకుంటేనే దరఖాస్తు పెట్టండి.