టీడీఎస్ మీటరుకు చిక్కనివి

చెన్నై కోడంబాక్కంలో ఆర్‌ఓ మెషిన్ అమ్మడానికి వచ్చే కుర్రాడి జేబులో పెన్నులాంటి మీటరు ఒకటి ఉంటుంది. మెట్రో వాటర్ గ్లాసులో దాన్ని ముంచి 'చూడండి ఆంటీ, 480' అంటాడు. ఇంట్లో టెన్షన్ మొదలు. ఆ మీటరు చూసేది నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పారుతోందన్నదే. దాన్నిబట్టి కరిగిన లవణాలు (అదే టీడీఎస్) లెక్కగడుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఇబ్బందేమీ లేదు.

పీఫాస్ (PFAS) అనే ఫ్లోరిన్ రసాయనాల సంగతి వేరు. రెయిన్‌కోట్ల పూతల్లో, పెట్రోలు మంటలార్పే నురగలో వాడే ఇవి వేల రకాలు. కాచినా పోవు, నీళ్ళు ఆవిరైపోయి ఇవి ఇంకాస్త చిక్కబడతాయి. వీటిలో పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ అనే రెండింటికి అమెరికా 2024లో పెట్టిన పరిమితి లీటరుకు చెరో 4 నానోగ్రాములు (నానోగ్రామంటే గ్రాములో వందకోట్లో వంతు). 364.5 కోట్ల ఘనపుటడుగులు పట్టే చెంబరంబాక్కం చెరువు నిండుగా ఉన్నా, అందులో ఒక్కోటి 410 గ్రాములు కలిస్తే చాలు, ఆ గీత దాకా వచ్చేస్తుంది. మీటరులో అంకె మాత్రం కదలదు.

పరీక్షకు ఖరీదైన యంత్రాలు కావాలి, సరే. అంతకు ముందు జరిగే తతంగమే నాకు భలేగా అనిపిస్తుంది. నమూనా పట్టేవాళ్ళు వానకోటు వేసుకోకూడదు. కుళాయి మరలకు ప్లంబరు చుట్టిన తెల్ల టెఫ్లాన్ టేపునూ అనుమానించాలి. ల్యాబు నుంచి తెచ్చిన శుద్ధమైన నీళ్ళను అక్కడే ఇంకో సీసాలోకి వంపి, దాన్నీ పంపాలి. అందులోనూ పీఫాస్ తేలితే, పట్టేటప్పుడే అంటుకుందన్నమాట.

2012 నాటి ఐఎస్ 10500లో పీఫాస్ ఊసే లేదు. పరిమితి లేదు కాబట్టి పరీక్ష లేదు, పరీక్ష లేక లెక్కలు లేవు, లెక్కలు లేకుండా పరిమితి ఎలా పెడతారు? అమెరికా 1996 చట్ట సవరణతో ఈ ముడి విప్పుకుంది: పరిమితి లేని పదార్థాలను ఐదేళ్ళకోసారి, 30కి మించకుండా ఎంచి, నీటి సంస్థల చేత వెతికించాలి. 2023–25 విడతలో 29 పీఫాస్‌లు, లిథియం. 2013–15లో పీఎఫ్‌ఓఎస్ 40 నానోగ్రాములకు చేరితేనే నమోదు. 2023–25లో 4 నుంచే. అంటే అప్పట్లో 30 ఉన్న ఊరికీ 'కనబడలేదు' అనే రిపోర్టే.

చెన్నైకి ఒక్క సీసా చాలదు, నీళ్ళు ఒక్కచోటి నుంచి రావు కాబట్టి. పూండి జలాశయానికి కండలేరు నుంచి మన కృష్ణా నీళ్ళొస్తాయి. నెమ్మేలి ప్లాంట్లలో సముద్రపు నీరు ఆర్‌ఓ పొరల గుండా వస్తుంది, ఆ పొరలు పీఫాస్‌నూ చాలావరకు ఆపుతాయి. డబ్బు తక్కువైతే మొదటి సీసా చెంబరంబాక్కంలో నింపమంటాను, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలు దాని ఎగువనే ఉన్నాయి కాబట్టి.