షార్ట్‌వేవ్ అపోహలు - వాస్తవాలు: కొత్త సెట్టు కొనే ముందు ఇంటి మెయిన్ ఆపి వినండి

కోఠిలో నా మరమ్మతు బల్ల ముందు నిలబడి చాలామంది అనే మొదటి మాట ఒకటే: "ఈ సెట్టులో ఏమీ రావడం లేదండీ, ఇంతకంటే మంచిది ఏది కొనమంటారు?" నేను అడిగే మొదటి ప్రశ్న కూడా ఒకటే: "ఇంట్లో మెయిన్ ఆపి విన్నారా?" రేడియో గురించి అడిగితే ఈయన కరెంటు గురించి మాట్లాడతాడేమిటి అన్నట్టు నా వైపు చూస్తారు. ఆ చూపు నాకు అలవాటైపోయింది.

షార్ట్‌వేవ్ మీద, అంటే దూరదేశాల ప్రసారాలు కూడా అందే రేడియో తరంగాల మీద, కొందరికి మళ్లీ మోజు కలిగింది, సంతోషమే. కాని ఆ మోజుతో పాటే వాట్సాప్ వదంతులూ, పెట్టె విప్పి చూపించే వీడియోలూ వచ్చిపడ్డాయి. వాటిని నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లకు ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గి ఇది రాస్తున్నాను.

అపోహ: ఖరీదైన సెట్టు కొంటే ఎక్కువ స్టేషన్లు వస్తాయి

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినేసేది ఈ అపోహే. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంటులో ఉండే లెక్కల మాస్టారు ఒకరు, పదవీ విరమణ చేసినవారు, ఒకనాడు గుడ్డసంచీలో మూడు రేడియోలు తెచ్చి బల్ల మీద వరుసగా పెట్టారు. మొదటిది ఇక్కడే కొన్న, అంకెల మీద ముల్లు కదిలే పాతరకం ముల్లు సెట్టు. రెండోది అరచేతిలో ఇమిడే డిజిటల్ సెట్టు. మూడోది అమెరికా నుంచి కొడుకు పంపిన పెద్ద సెట్టు. మూడూ ఏడాదిలోపు కొన్నవే. "మూడింట్లోనూ ఒకటే గరగర. సెట్లన్నీ చెడినవైనా అయి ఉండాలి, నా చెవులైనా పోయి ఉండాలి" అన్నారు. రెండోదే నిజమని ఆయన లోపల తేల్చుకున్నట్టు గొంతులోనే తెలిసింది. చెవుల డాక్టరు దగ్గరకు కూడా వెళ్లొచ్చారట.

సాయంత్రం ఆరు దాటాక ఆయనను మా భవనం డాబా మీదికి తీసుకెళ్లాను. రెండో సెట్టు తీసి 31 మీటర్ల బ్యాండు పెట్టాను (షార్ట్‌వేవ్‌లో స్టేషన్లు గుంపుగా ఉండే ఒక్కో భాగం ఒక్కో బ్యాండు, తరంగం పొడవును బట్టి దాని పేరు). చైనా ప్రసారం పక్కగదిలో మాట్లాడినంత స్పష్టంగా వచ్చింది. మాస్టారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత సెట్టు అందుకుని తానే తిప్పడం మొదలుపెట్టారు. నేను కిందికి వచ్చి దుకాణం మూసే పని చూసుకున్నాను.

ఆ ఆదివారం వాళ్ల ఇంటికి వెళ్లాను. రేడియోను బ్యాటరీ మీద పెట్టి, గరగర వస్తూ ఉండగానే మెయిన్ ఆపించాను. మూత పెట్టినట్టు రొద సగానికి పైగా పోయింది. ఆ తర్వాత ఒక్కొక్క ఎంసీబీ, అంటే ఇంట్లో ఒక్కో భాగానికి కరెంటు ఇచ్చే స్విచ్చు, పైకెత్తుతూ వచ్చాను. వంటిల్లు ఏమీ అనలేదు. హాల్లో సెట్‌టాప్ బాక్సు అడాప్టరు కొంచెం బుర్రుమంది. దేవుడి గది స్విచ్చు వేయగానే బ్యాండంతా మూసుకుపోయింది. దేవుడి పటాల చుట్టూ మిణుకుమిణుకుమనే ఎల్ఈడీ దండ. ఏదో పండగకు వేశారు, మళ్లీ తీయలేదు. మాస్టారు భార్య ముఖంలో ఇబ్బంది కనిపించింది. "అది ఆర్పడం నాకిష్టం లేదండీ" అన్నారు. ఒక నిమిషం ఆలోచించి, "సరే, ఆయన చైనా వాళ్లు మాట్లాడే గంటసేపు కుందిలో దీపం పెట్టుకుంటాను" అన్నారు. మిగిలిన రొద లిఫ్టు మోటారు నియంత్రణ పెట్టెది. దాన్ని మనం ఆపలేము కాబట్టి లిఫ్టుకు దూరంగా ఉన్న బాల్కనీకి ఆయన కుర్చీ మార్చాం.

వాస్తవం ఏమిటంటే, 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య ఓ మోస్తరు సెట్టుకు కూడా అందుకునే శక్తికి కొదవ ఉండదు. దూరం నుంచి వచ్చే స్టేషన్‌ను ముంచేసేది బయటి రొద. ఎల్ఈడీ డ్రైవర్లు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్, వైఫై పెట్టె అడాప్టరు, పైకప్పు మీది సోలార్ పరికరం, వీటన్నిటి లోపలా కరెంటును సెకనుకు వేలసార్లు తెంచి కలిపే సర్క్యూట్లు ఉంటాయి. ఆ తెంపుల శబ్దమే గోడల్లోని వైర్లను ఏరియల్‌గా చేసుకుని ఇల్లంతా పాకుతుంది. సెట్టుకు స్టేషన్ ఎంతో ఆ రొద కూడా అంతే. ఇంకా సున్నితమైన సెట్టు తెస్తే రెండింటినీ కలిపి పెద్దవి చేస్తుంది. రేడియో రొద గురించి అంతర్జాతీయ టెలికం యూనియన్ పి.372 పేరుతో ఇచ్చిన సిఫార్సులో నగరానికి, నివాస ప్రాంతానికి, పల్లెకు, నిశ్శబ్దమైన పల్లెకు వేరువేరు గీతలు గీసింది. నగరం గీత అన్నిటికంటే పైన ఉంటుంది. మనం ఆ గీత కింద కాపురముంటూ సెట్టును తిడుతున్నాం.

నేనేమీ పుట్టు జ్ఞానిని కాను. 2009లో ఒక పేరున్న సెట్టు మీద మోజుపడి, ఇంట్లో చెప్పకుండా చిట్టీ డబ్బు పెట్టి కొన్నాను. అమ్మినవాడు "దీనితో దక్షిణ అమెరికా కూడా వస్తుంది" అన్నాడు. మొదటి రాత్రి నాకు వచ్చింది మా ట్యూబ్‌లైట్ల ఎలక్ట్రానిక్ చోకులు. అదే సెట్టును గండిపేట కట్ట దగ్గరకు తీసుకెళ్తే వేరే రేడియోలా పలికింది. ఆ రాత్రి చేసిన పని ఈ రోజు మీకు చెబుతున్నాను: ఉన్న సెట్టునే ఊరి బయటికి తీసుకెళ్లండి. గండిపేట కావచ్చు, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కావచ్చు, మీ సొంత ఊరి చేను కావచ్చు. అక్కడ పలికి ఇంట్లో పలకకపోతే చెడింది సెట్టు కాదు. అక్కడ కూడా పలకకపోతే అప్పుడు నా దగ్గరకు రండి, లేదా కొత్తది కొనండి.

ఇంకొక మాట. ఈ పరీక్ష చేసేటప్పుడు ఎలిమినేటర్ (బ్యాటరీ బదులు కరెంటు మీద రేడియోను నడిపే అడాప్టరు) పెట్టకండి. కరెంటు పోగానే రేడియో ఆగిపోయి, "చూశారా, రొద పోయింది" అన్న పెద్దమనిషి ఒకరున్నారు. మెయిన్ ఆపాక కూడా ఇన్వర్టర్ తనంతట తాను మొదలవుతుంది, దాన్ని కూడా ఆపాలి. ఇంట్లో ఎవరైనా శ్వాస యంత్రం లాంటిది వాడుతుంటే మెయిన్ జోలికి పోకండి, మిగతా వస్తువులను ఒక్కొక్కటిగా పీకి చూడండి.

అపోహ: ఎంత పొడుగు తీగ కడితే అంత మంచిది

చిన్నప్పుడు మా డాబా మీద రెండు వెదురుబొంగుల మధ్య రాగి జాలీ ఏరియల్ ఉండేది. కాకులు దాని మీద వాలితే కింద మా నాన్న వింటున్న వార్తలు గరగరలాడేవని అక్క చెప్పేది. నిజమో కాదో, నేను కాకులను తోలేవాణ్ణి. ఆ రోజుల్లో అది సరిపోయింది, ఎందుకంటే ఆ వాల్వు సెట్టు ఎంత వచ్చినా తట్టుకునేది, పైగా ఇంట్లో ఎల్ఈడీ లేదు.

ఇప్పటి చేతి సెట్లు సొంత పుల్ల ఏరియల్‌కు తగ్గట్టు తయారవుతాయి. ముప్పై మీటర్ల తీగ తగిలిస్తే కొన్నిటికి దిక్కుతోచదు. ఉండకూడని చోట స్టేషన్లు పుట్టుకొస్తాయి. మీడియం వేవ్‌లో మన 738 కిలోహెర్ట్జ్ ఆకాశవాణి షార్ట్‌వేవ్ మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. ఐదు నుంచి ఏడు మీటర్ల సన్నని తొడుగు తీగ చాలు. దాన్ని కిటికీ నుంచి బయటికి, గోడ వైర్లకు దూరంగా వదలండి. గదిలోనే గోడల వెంట తిప్పితే రొదను పిలిచి కూర్చోబెట్టినట్టే. స్థలం లేని అపార్ట్‌మెంటు వాళ్లకు చుట్టలా వంచిన లూప్ ఏరియల్ నయం: దాన్ని తిప్పుతూ పోతే రొద తగ్గే కోణం ఒకటి దొరుకుతుంది. ఉరుములు మొదలయ్యాయంటే తీగ పీకేయాలి. మే నెల సాయంత్రాలు ఇక్కడ ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు.

అపోహ: ఒకే స్టేషన్ రెండు చోట్ల పట్టింది, సెట్టు భలే శక్తివంతమైనది

శక్తి కాదు, లోపం. సెట్టు తాను పట్టిన ప్రతి స్టేషన్‌నూ లోపల ఒకే ఫ్రీక్వెన్సీకి మార్చుకుంటుంది, దాన్నే మధ్యమ ఫ్రీక్వెన్సీ అంటారు. ముల్లు సెట్లలో అది సాధారణంగా 455 కిలోహెర్ట్జ్. దానికి రెట్టింపు, అంటే 910 కిలోహెర్ట్జ్ కిందికి వచ్చి చూడండి. 11,700 కిలోహెర్ట్జ్ మీద ఉన్న స్టేషన్ 10,790 దగ్గర కూడా పలికితే అది నీడ. అసలు అక్కడ ఏ స్టేషన్ లేదు. ఈ మార్పిడిని రెండుసార్లు చేసే సెట్లలో ఈ నీడలు చాలావరకు ఉండవు. ఖరీదు పెట్టడానికి ఇది ఒక న్యాయమైన కారణం, ఒప్పుకుంటాను.

అట్ట మీద "12 బ్యాండ్లు" అని ఉంటే దాన్ని పట్టించుకోకండి. ఒకే షార్ట్‌వేవ్‌ను పది ముక్కలు కోసి పది పేర్లు పెట్టారు. 49 మీటర్ల నుంచి 16 మీటర్ల దాకా ఖాళీ లేకుండా ట్యూన్ అవుతుందా, అంకెలు కనిపిస్తాయా, ఇవి చూడండి.

అపోహ: షార్ట్‌వేవ్ చచ్చిపోయింది, ఇక కొనడం దండగ

తగ్గిందన్నది నిజం. రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి 31న షార్ట్‌వేవ్ ఆపేసింది. బీబీసీ హిందీ 2020 జనవరి 31న ఆపేసింది. ఆ మర్నాడు ఉదయం నా దగ్గరకు ఇద్దరు సెట్లు పట్టుకొచ్చారు. "చెడిపోలేదండీ, వాళ్లే వెళ్లిపోయారు" అని చెప్పడం నాకు కష్టంగా అనిపించింది. ఒకాయన సెట్టు తీసుకోకుండానే వెళ్లారు, మరుసటి వారం వచ్చి తీసుకున్నారు.

కాని 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలవగానే, మార్చిలో అదే బీబీసీ అక్కడికి రోజుకు నాలుగు గంటలు షార్ట్‌వేవ్‌లో ఆంగ్ల వార్తలు మళ్లీ మొదలుపెట్టింది. చైనా, రొమేనియా, వాటికన్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాయి. తెలుగు పాటల కోసమైతే కొనకండి, అది ఫోనులో వినండి. దూరపు గొంతును వెతికి పట్టుకోవడంలో ఆనందం ఉన్నవాళ్లకు, క్యూఎస్ఎల్ కార్డు (మీరు విన్నారని స్టేషన్ వాళ్లు ధ్రువీకరించి పంపే కార్డు) కోసం ఎదురుచూడగలిగినవాళ్లకు ఇంకా పని ఉంది.

స్టేషన్ ఒక్కసారిగా మాయమైతే ముందు క్యాలెండరు చూడండి. మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం ప్రసారాల పట్టికలు మారతాయి. ఆ రెండు వారాల్లో నా బల్ల నిండిపోతుంది, ఒక్క సెట్టూ చెడి ఉండదు. తర్వాత సూర్యుణ్ణి చూడండి. 2024 మే 11, శనివారం, బ్యాండ్లు అతలాకుతలమయ్యాయి. ముందు రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశమే ఎర్రబడింది, అంత పెద్ద సౌర తుఫాను అది. ఆ రోజు సెట్టు పారేయబోయినవారిని ఫోనులోనే ఆపాను. పగలు 19, 16 మీటర్లు, రాత్రి 41, 49 మీటర్లు అనే మోటు లెక్క గుర్తుంటే సగం ఫిర్యాదులు ఉండవు.

చిన్నాచితకా అపోహలు చకచకా. వినడానికి లైసెన్సు కావాలా? అక్కరలేదు. పోస్టాఫీసు పుస్తకం రోజులు 1980లలోనే పోయాయి. ప్రసారం చేయాలంటే మాత్రం హామ్ (అభిరుచి కోసం రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్సు కావాలి, దానికి శిక్షణ ఇచ్చే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మన ఊళ్లోనే ఉంది. ఎస్ఎస్‌బీ (హామ్‌లు మాట్లాడుకునే పద్ధతిని వినిపించే సౌకర్యం) అందరికీ అవసరమా? హామ్‌ల మాటలు వినాలనుకుంటేనే. డీఆర్ఎం అనే డిజిటల్ ప్రసారం మామూలు సెట్టులో వస్తుందా? రాదు, సుయ్యిమనే రొద వస్తుంది, అది సెట్టు తప్పు కాదు.

ఇంత చెప్పాక కూడా కొనాలనిపిస్తే కొనండి, నేనేమీ అడ్డుపడను. ముందు కివీఎస్‌డీఆర్ రిసీవర్లలో, అంటే ఎక్కడెక్కడో ఉండి ఇంటర్నెట్టులో ఉచితంగా తిప్పి వినగలిగే సెట్లలో, వారం రోజులు విని, మీకు ఏ బ్యాండు మీద ప్రేమో తేల్చుకోండి. చేతి సెట్టు అయితే బ్యాటరీ ఏ రకమో అడగండి. టెక్సన్ పీఎల్-330లో వాడే బీఎల్-5సీ పాత ఫోన్ల బ్యాటరీయే, పీఎల్-990లో వాడేది 18650, రెండూ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఎక్కడా దొరకని బ్యాటరీ ఉన్న సెట్టు రెండేళ్ల తర్వాత అలమారలో బొమ్మ. సోనీ ఐసీఎఫ్-ఎస్‌డబ్ల్యూ7600జీఆర్ పాతది ఎవరైనా అమ్ముతుంటే పుల్ల ఏరియల్ పూర్తిగా లాగి చూసి, మీటలన్నీ నొక్కి చూసి, బ్యాటరీ గదిలో ఆకుపచ్చ తుప్పు ఉందో లేదో చూసి బేరమాడండి. విదేశం నుంచి తెప్పిస్తే సుంకం కూడా కలిపి లెక్క వేసుకోండి.

మాస్టారు మూడో సెట్టును కొడుక్కి తిరిగి పంపలేక ఉంచుకున్నారు, మొదటిదాన్ని ఎవరికైనా ఇవ్వమని నా దగ్గర వదిలేశారు. ఆయన చేతిలో ఇప్పుడున్నది అరచేతి సెట్టే. మొదటి సెట్టు ఇంకా నా బల్ల పక్కనే ఉంది, ముల్లు 31 మీటర్ల దగ్గర నిలిచి ఉంది. దుకాణంలో లైట్లు ఆర్పాకే దాన్ని పెడతాను.